పుట్టగొడుగుకి ప్రైమరీ కీ ఏది?

మొన్న వరసగా నాలుగు రోజులు వానలు పడేసరికి మా అపార్ట్‌మెంటు ముందున్న గడ్డిలో తెల్లటి పుట్టగొడుగులు లేచాయి. ఒక్కోటీ టిఫిను ప్లేటంత ఉంది. చూడ్డానికి భలే ముచ్చటగా ఉన్నాయి. ఫొటో తీసి అమ్మకి పంపి, "కూర వండేసుకోవచ్చా?" అని అడిగా. నిమిషంలో ఫోనొచ్చింది.

"అవి పుట్ట మీద లేచాయా, గడ్డిలో లేచాయా?"

"గడ్డిలోనే అమ్మా."

"అయితే వాటి జోలికి పోకు. మేం పుట్ట మీదవే తినేవాళ్ళం." అంతే, పెట్టేసింది.

సాఫ్ట్‌వేర్ వాడి బుర్ర కదా, వెంటనే ఒకటి తట్టింది. అమ్మ దగ్గరున్నది ఒక్క లైను క్లాసిఫయర్. ఎక్కడ మొలిచిందన్నది ఇన్‌పుట్. కూరా, చెత్తబుట్టా అన్నది అవుట్‌పుట్. మన భాషలో ఆ పేరు కూడా అలా పుట్టిందే. పుట్ట మీద లేచే గొడుగు కాబట్టి పుట్టగొడుగు. నిజంగానే చెదపుట్టల మీద లేచే గుంపు ఒకటుంది, దాన్ని శాస్త్రవేత్తలు టెర్మిటోమైసిస్ అంటారు. చెదపురుగులు పుట్ట లోపల దాన్ని పంట వేసినట్టు సాగుచేసుకుంటాయి. వానలు పడ్డాక అది పుట్టని చీల్చుకుని పైకొచ్చి గొడుగు విప్పుతుంది. మనవాళ్ళు ఆకారాన్నీ, చోటునీ చూసి పేరు పెట్టారు. తర్వాత అదే పేరు గడ్డిలో లేచినదానికీ, మొద్దు మీద లేచినదానికీ, సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ డబ్బాలో దొరికేదానికీ అంటుకుపోయింది.

నేను ఎంపీసీ బాపతు. బాటనీకి పదో తరగతితోనే దణ్ణం పెట్టేశా. కానీ అమ్మ ఫోను పెట్టేశాక ఊరికే వెతకడం మొదలెడితే రెండు వారాల పాటు రాత్రిళ్ళు నిద్ర లేకుండా చదవాల్సొచ్చింది. ఎందుకంటే శిలీంధ్రాల వర్గీకరణ చరిత్ర అంతా మనం రోజూ ఆఫీసులో పడే గోలే. స్కీమా తప్పు, డూప్లికేట్ రికార్డులు, మెర్జ్ చేశాక మళ్ళీ విడగొట్టడాలు. ఒకటే తేడా. ఇక్కడ తప్పు జరిగితే పంట పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు.

సరే, కథలోకి వెళ్దాం.

పాతకాలంలో పుట్టగొడుగులూ బూజులూ కుళ్ళులోంచి వాటంతటవే పుడతాయనుకునేవారు. 1729లో ఫ్లోరెన్సుకి చెందిన పియెర్ ఆంటోనియో మికేలి ఆ మాట నమ్మకుండా, సూక్ష్మదర్శినిలో కనబడ్డ పొడిలాంటి సిద్ధబీజాల్ని తీసుకెళ్ళి కోసిన పుచ్చకాయ ముక్కల మీద చల్లాడు. ఏ బూజు బీజాలు చల్లితే ఆ బూజే మొలిచింది. అంటే వీటికీ వంశం ఉందన్నమాట. చర్చిలో పవిత్రజలం చల్లే సాధనంలా కనబడుతోందని ఒక బూజుకి ఆస్పర్‌జిల్లస్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ పేరు ఇప్పటికీ నడుస్తోంది.

తర్వాత 1753లో లిన్నేయస్ వచ్చాడు. మొక్కలన్నిటినీ 24 తరగతులు చేసి, ముఖ్యంగా పూలలోని కేసరాల లెక్కతో సర్దాడు. మరి పూలు లేనివాటి సంగతేంటి? ఫెర్నులు, నాచులు, పాచి, పుట్టగొడుగులు అన్నిటినీ కట్టగట్టి ఇరవైనాలుగో తరగతిలో పడేశాడు. దాని పేరు క్రిప్టోగామియా, అంటే 'రహస్య వివాహాలు' అని అర్థం. మన డెస్క్‌టాపు మీద 'మిసిలేనియస్' అనే ఫోల్డరు ఉంటుందే, అచ్చం అది :) అందులో శిలీంధ్రాలకి దక్కినవి పది ప్రజాతులు. ఆయన అక్కడితో ఆగలేదు. 1767లో పురుగుల జాబితాలో 'కేయాస్' అని ఒక ప్రజాతి పెట్టి, దాంట్లో 'కేయాస్ ఫంగోరమ్' అని చేర్చాడు. అంతటి లిన్నేయస్ కూడా వీటిని ఎక్కడ పెట్టాలో తేలక చెరో చోటా పెట్టాడు. (నవ్వకండి, కొత్త ఫీల్డు ఏ టేబుల్లో పెట్టాలో తేలక రెండింట్లోనూ పెట్టిన పాపం మనమూ చేసుంటాం.)

అసలైన స్కీమా రాసినవాళ్ళు ఇద్దరు. 1801లో పెర్సూన్, 1821 నుంచి 1832 దాకా స్వీడన్‌కి చెందిన ఎలియాస్ ఫ్రీస్. ఫ్రీస్ పద్ధతి చాలా తేలిక. పుట్టగొడుగు తలని కాగితం మీద బోర్లించి ఉంచితే, కింది పొరల్లోంచి బీజాలు రాలి కాగితం మీద ముద్ర పడుతుంది. ఆ ముద్ర తెలుపా, గులాబీనా, గోధుమా, నలుపా? దాన్నిబట్టి గుంపు. పైసా ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు, ఎవరు చేసినా ఒకటే జవాబు. పల్లెల్లో తిరిగే ఔత్సాహికులు కూడా పనిచేయగలిగిన పద్ధతి కాబట్టి వందేళ్ళకి పైగా రాజ్యమేలింది.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, పుట్టగొడుగుల దగ్గర కాదు, బూజుల దగ్గర, తెగుళ్ళ దగ్గర. 1861 - 1865 మధ్య పారిస్‌లో తులానే అన్నదమ్ములు అద్భుతమైన బొమ్మలతో ఒక సంగతి చూపించారు. వేర్వేరు పేర్లతో చలామణీ అవుతున్న కొన్ని శిలీంధ్రాలు నిజానికి ఒకే జీవి వేసే రెండు వేషాలు. ఒక వేషంలో ఒంటరిగానే, తన నకళ్ళలాంటి బీజాలు వదులుతుంది. ఇంకో వేషంలో లైంగికంగా కలిసి పూర్తిగా వేరే ఆకారంలో బీజాలు వదులుతుంది. 1865లో జర్మనీలో ఆంటోన్ డి బారీ ఇంకో అడుగు ముందుకేసి, గోధుమ తుప్పు తెగులు సగం జీవితం గోధుమ మీద, మిగతా సగం బార్బెర్రీ అనే పొద మీద గడుపుతుందని నిరూపించాడు. రెండు చోట్లా ఉన్నది రెండు జీవులని అంతకుముందు అనుకునేవారు.

ఇప్పుడు డేటాబేస్ మనిషిగా ఆలోచించండి. ఒకే కస్టమరు రెండు టేబుళ్ళలో రెండు ఐడీలతో ఉన్నాడని తెలిసింది. ఏం చేస్తాం? మెర్జ్ చేస్తాం. వాళ్ళు చెయ్యలేకపోయారు. ఎందుకంటే చాలా బూజుల్లో రెండో వేషం ఎవ్వరి కంటా పడలేదు. అది ఉందో లేదో కూడా తెలీదు. అలాంటివాటిని 'అసంపూర్ణ శిలీంధ్రాలు' అని ఒక పక్కన పెట్టారు. ఇటలీకి చెందిన సక్కార్డో 1882లో మొదలుపెట్టిన మహా జాబితా కూడా బీజాల ఆకారం, రంగు, లోపలి అడ్డుగోడల లెక్క మీదే నడిచింది. చుట్టరికం తెలియకపోయినా ఫరవాలేదు, వెతికితే దొరకాలి, అంతే. చివరికి 1910లో బ్రసెల్స్‌లో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ ఈ రాజీని రూలుగానే రాసేసింది. లైంగిక దశకి ఒక పేరు, అలైంగిక దశకి ఒక పేరు, రెండూ చెల్లుతాయి. అంటే డూప్లికేట్ రికార్డుని బగ్గు అనకుండా ఫీచరు అన్నారన్నమాట. అది వందేళ్ళు నడిచింది.

దీనివల్ల జరిగిన తమాషా చూడాలంటే దూరం వెళ్ళక్కర్లేదు, మన వరి పొలంలోకి వస్తే చాలు. అగ్గి తెగులు గురించి వినే ఉంటారు. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చలు, ముదిరితే పొలం తగలబడినట్టు ఎండిపోవడం, వెన్ను మెడ దగ్గర సోకితే మెడవిరుపు. మనం ఇష్టంగా తినే సాంబ మసూరికి ఇదంటే ఆట్టే తట్టుకునే శక్తి లేదు. మా నాన్న చలికాలం రాగానే పొద్దున్నే పొలానికెళ్ళి ఆకులు తిరగేసి చూడటం నాకు బాగా గుర్తు. మచ్చ కనబడితే ఆ రోజు ఇంట్లో మాటలుండవు.

ఆ తెగులు తెచ్చే శిలీంధ్రం పేర్ల కథ వినండి. బేరిపండు ఆకారంలో ఉండే బీజాల్ని చూసి 1880లో సక్కార్డో ఒక గడ్డి మీది శిలీంధ్రానికి పైరిక్యులేరియా గ్రిసియా అని పేరు పెట్టాడు. ఆ శతాబ్దం చివర్లో వరి మీద ఉన్నదానికి కవారా అనే ఇంకో ఇటలీ ఆయన పైరిక్యులేరియా ఒరైజే అన్నాడు. దాదాపు ఎనభై ఏళ్ళు ఎవరికీ దాని లైంగిక దశ కనబడలేదు. 1971లో అమెరికాలో హెబర్ట్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో గడ్డి మీది రకాల్ని జతకట్టించి ఆ దశని చూశాడు. రూలు ప్రకారం దానికి వేరే పేరు కావాలి కదా, 1977కల్లా మాగ్నపోర్తే గ్రిసియా అయింది. 1990లో కొందరు నిపుణులు గడ్డి మీదిదీ వరి మీదిదీ బీజాల ఆకారంలో తేడా లేదు, రెండూ ఒకటే అని కలిపేశారు. ఇది మెర్జ్.

పన్నెండేళ్ళు తిరక్కుండానే 2002లో టొరంటోకి చెందిన కౌచ్, కోన్ అనే ఇద్దరు మూడు జన్యువుల డీఎన్ఏ చదివి, గడ్డి మీదిది వేరు, వరి మీదిది వేరు, రెండు వంశాలూ ఎప్పుడో విడిపోయాయి అని తేల్చారు. ఆకారంలో మాత్రం తేడా పట్టలేమని వాళ్ళే ఒప్పుకున్నారు. వరి మీదిది మాగ్నపోర్తే ఒరైజే అయింది. ఇది స్ప్లిట్. కానీ ఆ వార్త అందరికీ చేరలేదు. 2005లో 'నేచర్' పత్రికలో దీని మొత్తం జన్యుపటం అచ్చయినప్పుడు శీర్షికలో ఉన్నది పాత పేరే.

అక్కడితో అయిపోలేదండీ. మాగ్నపోర్తే అనే ప్రజాతికి అసలు ప్రతినిధిగా ఉన్న జాతి, వరిలోనే కాండం కుళ్ళు తెచ్చే వేరే శిలీంధ్రం. డీఎన్ఏ చూస్తే అగ్గి తెగులుకి అది కాస్త దూరపు చుట్టం. ఇంటి యజమాని చుట్టం కానప్పుడు ఆ ఇంటిపేరు వాడుకోవడం కుదరదు కదా. అందుకని 2016లో నిపుణుల బృందం పైరిక్యులేరియా అన్న పేరే ఉంచుదామని సిఫారసు చేసింది. నూటపాతికేళ్ళు తిరిగి తిరిగి కవారా పెట్టిన పేరు దగ్గరికే వచ్చాం. రెండో పేరు ఇంకా చాలామంది వాడుతూనే ఉన్నారు, అలవాటు పోదుగా. మన రైతు మాత్రం మొదట్నుంచీ అగ్గి తెగులు అనే అంటున్నాడు :)

ఇప్పుడు డీఎన్ఏ గురించి రెండు మాటలు. ఇది ఒక్కసారిగా ఊడిపడలేదు. శిలీంధ్రాలు మొక్కలు కావన్న సంగతి ముందే తెలుసు. వాటికి పత్రహరితం లేదు, కణకవచంలో రొయ్య పెంకులో ఉండే కైటిన్ ఉంటుంది. 1969లో విట్టేకర్ అయిదు రాజ్యాల పద్ధతి రాసినప్పుడు వాటికి సొంత రాజ్యం ఇచ్చాడు. అసలు మలుపు 1990లో వచ్చింది. టామ్ వైట్, టామ్ బ్రన్స్, స్టీవెన్ లీ, జాన్ టేలర్ అనే నలుగురు, శిలీంధ్రాల డీఎన్ఏలో ఐటీఎస్ అనే ముక్కని పీసీఆర్ పద్ధతిలో నకళ్ళు తీయడానికి వాడే ప్రైమర్లని ప్రచురించారు.

ఐటీఎస్ అంటే ఏంటో మన భాషలో చెప్తా. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములకి సంబంధించిన జన్యువులు ప్రతి జీవిలోనూ ఉంటాయి. వాటిని కదిలిస్తే ప్రాణమే పోతుంది కాబట్టి అవి పెద్దగా మారవు. వాటి మధ్యలో వాడి పారేసే ముక్కలు కొన్ని ఉంటాయి. అక్కడ అక్షరం మారినా పెద్ద నష్టం లేదు కాబట్టి తరాల కొద్దీ మార్పులు పోగుపడతాయి. అంటే హెడర్, ఫుటర్ ఫిక్సెడ్, మధ్యలో ఉన్నది మారుతుంది. హెడర్ని పట్టుకుని వెతికితే ఏ శిలీంధ్రంలోనైనా మధ్య ముక్క దొరుకుతుంది, దాన్ని చదివితే ఎవరి వంశమో తెలుస్తుంది. ఎంత హాయి! 2012లో ఈ ముక్కనే శిలీంధ్రాలకి అధికారిక బార్‌కోడుగా ప్రతిపాదించారు.

ఈ దెబ్బకి పాత ఇళ్ళు చాలా కూలాయి. 1993లో రెండు బృందాలు, శిలీంధ్రాలు మొక్కలకన్నా జంతువులకే దగ్గర చుట్టాలని చూపించాయి. అంటే మష్రూమ్ మంచూరియా తినే శాకాహారులకి అదో ఇబ్బందికర వార్త :) బంగాళాదుంప లేటు బ్లైట్, కొబ్బరి మొవ్వుకుళ్ళు తెచ్చే ఫైటోఫ్తోరా చూడ్డానికి బూజులాగే ఉన్నా అసలు శిలీంధ్రమే కాదు, సముద్రపు గోధుమ నాచుల వైపు చుట్టం. అది పేరు గొడవ మాత్రమే కాదు. మామూలు శిలీంధ్రాల కణపొరలో ఉండే ఎర్గోస్టెరాల్‌ని దెబ్బతీసే మందులు దీనిమీద పనిచెయ్యవు. ఎందుకంటే అది ఎర్గోస్టెరాల్ తయారుచేసుకోదు. వంశం తెలియకపోతే మందు డబ్బులు మట్టిలో పోసినట్టే.

ఇంత జరిగాక రెండు పేర్ల రూలుకి ఇంకేం మిగిలింది? లైంగిక దశ దొరక్కపోయినా డీఎన్ఏ చదివితే ఎవరెవరు ఒకటో తెలిసిపోతోంది. 2011లో మెల్‌బోర్న్ మహాసభలో ఆ రూలు కొట్టేశారు. 2013 జనవరి 1 నుంచి ఒక శిలీంధ్రానికి ఒకటే పేరు. అయితే ఏ పేరు ఉంచాలి, ఏది తీసేయాలి? ఇది డీఎన్ఏ చెప్పదు. నేను ఒకప్పుడు పనిచేసిన ప్రాజెక్టులో రెండు సిస్టమ్‌ల కస్టమర్లని కలపాల్సొచ్చింది. ఎవరెవరు ఒకరే అని కనిపెట్టడానికి మూడు వారాలు పట్టింది, ఏ ఐడీ ఉంచాలో తేల్చడానికి నాలుగు నెలల మీటింగులు పట్టాయి. ఇక్కడా అంతే. డాక్టర్లకి ఒక పేరు అలవాటు, మొక్కల తెగుళ్ళవాళ్ళకి ఇంకోటి. ప్రజాతి ప్రజాతికీ కూర్చుని మాట్లాడుకున్నారు. ఇంకో వింత ఏంటంటే, జంతువులకి దగ్గరని తేలాక కూడా శిలీంధ్రాల పేర్ల రూళ్ళు వృక్షశాస్త్రం వాళ్ళ మహాసభలోనే తేలేవి. 2017లో గానీ ఆ అధికారం శిలీంధ్రశాస్త్రం వాళ్ళ సొంత సభకి రాలేదు.

'పేరు ఏదైతే ఏంట్లే' అనుకునేవాళ్ళకి మూడు సంఘటనలు చెప్తా.

మొదటిది, 2016 ఫిబ్రవరి, బంగ్లాదేశ్. ఎనిమిది జిల్లాల్లో దాదాపు 15 వేల హెక్టార్ల గోధుమ వెన్నులు తెల్లబోయాయి. చూస్తే మన అగ్గి తెగులు జాతే. మరి పక్క వరి పొలంలోంచి గోధుమకి దూకిందా, ఎక్కణ్ణుంచైనా వచ్చిందా? సూక్ష్మదర్శినిలో రెండూ ఒకేలా ఉంటాయి. శాస్త్రవేత్తలు జబ్బుపడిన ఆకుల్నే తీసుకుని జన్యు సమాచారం చదివి, పేపరు అచ్చయ్యేదాకా ఆగకుండా దాన్ని నెట్‌లో అందరికీ ఇచ్చేశారు. ఓపెన్ సోర్సు పద్ధతిలో పలు దేశాల వాళ్ళు కలిసి చూసి, అది స్థానిక వరి రకం కాదు, దక్షిణ అమెరికా గోధుమల మీద ఉండే వంశం అని ఆ ఏడాదే తేల్చారు. బ్రెజిల్లో 1985 నుంచీ ఉన్న తెగులు అది. వరి నుంచి దూకింది అనుకునుంటే వరి రైతుని అనుమానించేవాళ్ళం. దూరం నుంచి వచ్చిందని తెలిశాక చూపు విత్తనాల రవాణా మీదికి మళ్ళింది.

రెండోది ఆసుపత్రుల కథ. 2009లో జపాన్‌లో ఒక పెద్దావిడ చెవిలోంచి తీసిన ఈస్టుకి, లాటిన్‌లో చెవి అని అర్థమొచ్చేలా కాండిడా ఆరిస్ అని పేరు పెట్టారు. 2011లో కొరియాలో రక్తంలో దొరికింది. అక్కడ 1996 నుంచి దాచిన ఒక నమూనా కూడా అదేనని తర్వాత తెలిసింది. 2013లో ఢిల్లీ ఆసుపత్రుల్లోని కేసుల గురించి పేపరు వచ్చింది. ఫ్లూకొనజోల్‌కి లొంగదు, ఆసుపత్రి మంచాల మీదా గోడల మీదా బతుకుతుంది, ఒక రోగి నుంచి ఇంకో రోగికి పాకుతుంది. ఇంత ప్రమాదకారిని చాలాచోట్ల ఎందుకు పట్టుకోలేదు? ల్యాబుల్లో ఉండే యంత్రాలు ఏ చక్కెరని తింటోంది, దేన్ని పులియబెడుతోంది అనే లక్షణాలు చూసి జవాబు చెప్తాయి. వాటి జాబితాలో ఈ జీవి లేనే లేదు. లేదు కాబట్టి 'తెలీదు' అనాలి కదా? అనలేదు. దగ్గర పోలికున్న కాండిడా హీములోనీ అనే పేరు ధీమాగా ప్రింటు చేసిచ్చాయి. ఎనమ్‌లో లేని విలువ వస్తే డిఫాల్టుకి పడిపోయే కోడు మనలో ఎంతమంది రాసుంటామో! ఐటీఎస్ లాంటి ముక్కల్ని చదివినచోటే అసలు పేరు బయటపడింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకర శిలీంధ్రాల వరసలో దీన్ని పెట్టింది. 2024లో మళ్ళీ పేరు మారింది లెండి, ఇప్పుడు కాండిడోజైమా ఆరిస్.

ఇక్కడిదాకా చదివి 'అయితే రూపం చూసే పద్ధతికి కాలం చెల్లింది, అంతా డీఎన్ఏదే' అనుకుంటున్నారా? మూడోది వినండి. ఇది మనందరి ఇళ్ళకీ దగ్గరగా వచ్చింది.

2021 వేసవి. కరోనా రెండో వేవు. టీవీ పెడితే బ్లాక్ ఫంగస్. తర్వాత వైట్ ఫంగస్ అన్నారు, ఎల్లో ఫంగస్ అన్నారు, రంగుల పెట్టె ఖాళీ అయ్యేదాకా అన్నారు. మా బంధువుల్లో ఒకాయన కరోనా తగ్గి ఇంటికొచ్చాక కంటి కింద వాపు వస్తే, ఇంట్లోవాళ్ళు రోజూ టార్చిలైటు వేసి నలుపు ఉందా అని ముక్కులోకి చూసేవారు. నిజానికి ఆ శిలీంధ్రం నల్లగా ఉండదు. అది రక్తనాళాల్లోకి చొరబడి రక్తం ఆపేస్తే చచ్చిపోయిన కండ నల్లబడుతుంది. శాస్త్రవేత్తల లెక్కలో నల్ల శిలీంధ్రాలంటే వేరే గుంపు. టీవీవాళ్ళు చేసింది కూడా వర్గీకరణే. కాకపోతే తప్పు లక్షణం పట్టుకున్నారు.

కానీ ఆసుపత్రిలో ఏం చేశారో చూడండి. ముక్కులోంచి చిన్న ముక్క తీసి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టారు. తంతువులు వెడల్పుగా, రిబ్బనులా, అడ్డుగోడలు దాదాపు లేకుండా, ఇంచుమించు లంబకోణంలో చీలుతున్నాయా? అయితే మ్యూకరేలిస్. సన్నగా, అడ్డుగోడలతో, 45 డిగ్రీల దగ్గర చీలుతున్నాయా? అయితే ఎక్కువగా ఆస్పర్‌జిల్లస్, అదే మికేలి పేరు పెట్టినది. రెండూ ముక్కులోకే వస్తాయి. కానీ ఆస్పర్‌జిల్లస్‌కి బాగా పనిచేసే వొరికొనజోల్ మ్యూకరేలిస్ మీద పనిచెయ్యదు, దానికి యాంఫోటెరిసిన్-బి కావాలి, చచ్చిన కండని కోసెయ్యాలి. గంటలు లెక్కపెట్టుకునే పరిస్థితి. డీఎన్ఏ చదివి జాతి పేరు తెలుసుకునేంత సమయం లేదు. రైజోపస్ అరైజస్సా ఇంకోటా అన్నది ఆ నిమిషానికి అనవసరం కూడా. ఆ జూన్ చివరికి దేశంలో 40 వేలకి పైగా కేసులొచ్చాయి. వాటిల్లో ఎన్నిటికో మొదటి జవాబు ఇచ్చింది రెండొందల ఏళ్ళనాటి పద్ధతే. కంటితో చూడ్డం. మా బంధువు అదృష్టం కొద్దీ వాపు వేరే కారణం వల్లే అని ఆ పరీక్షలోనే తేలింది.

డీఎన్ఏకి దాని తలనొప్పులు దానికున్నాయి. ఆస్పర్‌జిల్లస్, ఫ్యుజేరియం లాంటి గుంపుల్లో ఐటీఎస్ ఒక్కటే చాలదు, దగ్గర చుట్టాల్ని విడదీయలేదు, ఇంకో రెండు మూడు జన్యువులు చదవాలి. ఎంత శాతం తేడా ఉంటే వేరే జాతి? చాలామంది వాడే 3 శాతం ఒక వాడుక లెక్కే, ప్రకృతి పెట్టిన గీత కాదు. పైగా మన సీక్వెన్సుని పోల్చేది దేంతో? అందరూ ఎక్కించిన పబ్లిక్ డేటాబేసుతో. 2006లో ఒక బృందం లెక్కేస్తే అందులో శిలీంధ్రాల రికార్డుల్లో దాదాపు 20 శాతానికి పేరే తప్పుండొచ్చని తేలింది. చెత్త లోపలికెళ్తే చెత్తే బయటికొస్తుందని మనకి వేరే చెప్పాలా!

ఇంకోటుంది. గుప్పెడు మట్టి తీసి అందులో డీఎన్ఏ అంతా చదివితే, ఎవరూ ఎప్పుడూ చూడని శిలీంధ్రాల సీక్వెన్సులు కుప్పలుగా వస్తాయి. ఇప్పటిదాకా పేరు పెట్టినవి సుమారు లక్షా యాభై వేల జాతులు. మొత్తం 22 నుంచి 38 లక్షల దాకా ఉంటాయని 2017లో వేసిన అంచనా. మరి చేతికి చిక్కని వాటికి సీక్వెన్సు ఆధారంగానే పేరు పెట్టేయొచ్చా? 2018లో ప్యూర్టో రికోలోని శాన్ హువాన్‌లో జరిగిన సభలో దీనిమీద పెద్ద వాదన జరిగి, ఆ ప్రతిపాదన ఓడిపోయింది. కొత్త జాతికి పేరు పెట్టాలంటే ఇప్పటికీ మామూలుగా చూపించడానికి ఒక నమూనా ఉండాలి. నాకైతే వాళ్ళు చేసింది సబబే అనిపించింది. లాగ్ ఫైల్లో కనబడ్డ ప్రతి లైనుకీ కస్టమరు అకౌంటు తెరవం కదా. సీక్వెన్సు అనేది ఆనవాలు, జీవి కాదు.

ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఒకటే. 'ఏది అసలైన ప్రైమరీ కీ' అన్న ప్రశ్నే సగం తప్పు. ఎవరి బిడ్డ ఎవరు అని తెలియాలంటే వంశమే చూడాలి, అక్కడ రూపం మోసం చేస్తుంది. రూపం పట్టుకుని రాసిన వంశవృక్షం మనల్ని వందేళ్ళు రెండేసి పేర్లతో తిప్పింది. కానీ ఈ క్షణంలో ఈ మనిషికి ఏ మందు ఎక్కించాలి, ఈ గొడుగు తినాలా వద్దా అన్నవి వేరే క్వెరీలు. వాటికి వేరే ఇండెక్సు కావాలి. ఇండెక్సుని ప్రైమరీ కీ అనుకోవడం ఒక తప్పు, ప్రైమరీ కీ దొరికింది కదా అని ఇండెక్సులన్నీ డ్రాప్ చేసెయ్యడం ఇంకో తప్పు.

ఇంతకీ మా గడ్డిలో పుట్టగొడుగుల సంగతి చెప్పలేదు కదూ. ఫ్రీస్ గురించి చదివిన రాత్రే ఒకటి కోసుకొచ్చి, తల విరిచి, సగం తెల్లది సగం నల్లది అతికించిన కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూతపెట్టి పడుకున్నా. పొద్దున్న లేచి చూస్తే తెల్ల కాగితం మీద ముద్ర తెల్లగా లేదు, గోధుమరంగులో లేదు. పాచి పట్టినట్టు మురికి ఆకుపచ్చ! పుస్తకాల్లో వెతికితే గడ్డిలో లేచే ఇంత పెద్ద తెల్ల గొడుగు, ఆకుపచ్చ ముద్ర అంటే దాదాపు ఒక్కటే, క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. తింటే కొన్ని గంటల్లో వాంతులూ విరేచనాలతో ఆసుపత్రి పాలే. క్లోరోఫిల్లమ్ అన్న పేరే ఆ ఆకుపచ్చ పొరల్ని చూసి పెట్టింది. తమాషా ఏంటంటే, 2002లో డీఎన్ఏ చదివి అదే ప్రజాతిలోకి తెల్ల ముద్ర వేసే జాతుల్ని కూడా చేర్చారు. వంశానికి ఆకుపచ్చ గుర్తు కాదని డీఎన్ఏ తేల్చింది. నా పొట్టకి మాత్రం ఆ రాత్రి అదే గుర్తు.

(మీరు ఇది చదివి ముద్ర తెల్లగా వచ్చింది కదా అని కూర వండేసుకోకండి. ప్రాణాలు తీసే అమానిటాల ముద్ర కూడా తెల్లగానే ఉంటుంది. పుట్ట రూలు కూడా గ్యారంటీ ఏమీ కాదు. కొనుక్కున్నవే తినండి.)

ఆ కాగితం ఫొటో తీసి అమ్మకి పంపి, సక్కార్డో నుంచి శాన్ హువాన్ దాకా కథంతా ఫోన్లో చెప్పా. ఓపిగ్గా వింది.

"ఇదంతా చదివి చివరికి తినకూడదనేగా తేల్చావు. నేను ఆ రోజే చెప్పానుగా!"